అప్‌డేట్: మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మతో సముద్రతీర నడక

మోకాళ్లు అరిగిన మా అమ్మ సముద్రం పక్కన గంటసేపు నడవాలంటే ఎటువంటి దారి ఎంచుకోవాలని ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం ఆమె కోరిక తీరింది.

అన్నిటికంటే పనికివచ్చినది, దూరాన్ని కాక వాలును చూడమన్న సలహా. ఫిజియోథెరపిస్టు కూడా అమ్మ నడకను పరిశీలించి, ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలిపై భారం ఎక్కువ పడుతోందని చెప్పారు. అందువల్ల కొండ అంచు దారిని వదిలి, 20 అడుగుల దూరానికి 1 అడుగుకు మించి ఎత్తు పెరగని చెక్కబాటను ఎంచుకున్నాము. చేతికర్రను నొప్పి ఎక్కువగా ఉన్న కాలికి ఎదురువైపు చేతితో పట్టుకోవాలని కూడా ఆయనే చూపించారు. ఇన్నాళ్లూ అమ్మ దానిని అదే వైపు పట్టుకునేది, మాకెవరికీ తట్టలేదు.

చివర కొంతదూరం ఇసుకలోనూ నడిచాము. పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది కనుక, నీరు వెనక్కి తగ్గాక మిగిలే తడి, గట్టి ఇసుకనే నమ్ముకోవాలి. అయితే ఆటుపోట్ల సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్నటి వేళను ఈ రోజుకు వర్తింపజేయకుండా ఆ రోజు పట్టికనే చూడండి.

నేను ఎంతో ఆలోచించిన ఖరీదైన ట్రెక్కింగ్ బూట్ల అవసరమే రాలేదు, రోజూ వేసుకునే మెత్తని బూట్లు సరిపోయాయి. దారిలో బల్లలు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో మాత్రం ముందే కనుక్కోండి. అమ్మ నాలుగుసార్లు కూర్చుంది.