అప్‌డేట్: ఇన్సులిన్ సంగతి చార్ట్‌ల రాసేసిన

పోయిన నెల అడిగిన కదా, నేను హన్మకొండల ఒక ప్రైవేట్ హాస్పిటల్ల స్టాఫ్ నర్స్‌ని, నైట్ డ్యూటీల మా జూనియర్ పిల్ల ఒక పెద్దాయనకు ఇన్సులిన్ ఎక్కువ ఇచ్చింది, ఇన్‌చార్జి సిస్టరేమో చార్ట్‌ల రాయకు అంటుంది, ఏం చేయాలె అని.

అసలు తప్పెట్ల జరిగిందని చానమంది అడిగిన్రు. మా వార్డుల ఒక ఎంఎల్‌ల 40 యూనిట్లుండే ఇన్సులిన్ వయల్సే (సీసాలు) వాడతం, దానికి ఎర్ర మూత సిరంజి, గీతలు ఆ 40 లెక్కకే ఉంటయి. ఆ రోజు పేషెంటోళ్లు బయటికెళ్లి తెచ్చింది ఎంఎల్‌ల 100 యూనిట్లుండేది, అంటే రెండున్నర రెట్లు చిక్కనిది, ఈ పిల్ల అలవాటుగ ఎర్ర మూత సిరంజితోనే 10 గీత దాకా గుంజింది, అంటే లోపలికి పోయింది 10 కాదు 25. కొంచెంసేపటికే ఒళ్లంత చెమటలు, చూస్తే షుగర్ 48కి పడిపోయింది. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించినంక తేరుకుండు, దేవుని దయ.

నేనైతే రాసేసిన. టైము, ఎంత పోయింది, షుగర్ ఎంత, ఏ డాక్టర్‌కు ఫోన్ చేసిన, అన్నీ. పిల్లను తిట్టుకుంట ఒక్క ముక్క రాయలె, జరిగిందే రాసిన. పొద్దున డాక్టర్ సారే ఇంటోళ్లకు చెప్పిండు. కొడుకు మస్తు లొల్లి చేసిండు, చేయడా మరి, నాయిన కదా. పెద్దాయనే "ఊకో బిడ్డా, బతికిన కదా" అన్నడు.

ఇన్‌చార్జి సిస్టర్ నాతోని మాట్లాడుతలేదు, వరుసగ నైట్లే ఏస్తుంది. జూనియర్ రెండ్రోజులు ఏడ్చి మళ్లొచ్చింది. ఇప్పుడు ఇన్సులిన్ గుంజినప్పుడల్లా సిరంజి నా ముంగటికి తెచ్చి "అక్కా, ఒక్కసారి చూడు" అంటుంది.