అప్‌డేట్: అన్న ఎండ్, తమ్ముడు లైన్‌బ్యాకర్ ఎందుకయ్యారో తెలిసింది

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే అన్నదమ్ములు జె.జె. వాట్, టి.జె. వాట్ ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఎదుటి ఆటగాడు) మీదికి దూకేవారే కదా, అన్నను డిఫెన్సివ్ ఎండ్ అని, తమ్ముణ్ణి అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ అని ఎందుకంటారని అడిగాను. పేరు వదిలేసి, బంతి కదలకముందు ఎక్కడ నిలబడ్డారో చూడమన్నారు మీరు. ఆ ఒక్క మాటతో చిక్కుముడి వీడింది.

పిట్స్‌బర్గ్ స్టీలర్స్ పాత ఆట ఒకటి ఆపి ఆపి చూశాను. టి.జె. లైను చివర, టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాచే ఆటగాడు) భుజానికి బయట రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. చెయ్యి నేలకు ఆనలేదు. 3-4లో (ముందు లైనులో ముగ్గురు, వెనక నలుగురు లైన్‌బ్యాకర్లు) ఆ అంచు అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్‌ది. ఎండ్ అంతకంటే లోపల టాకిల్‌కు ఎదురొడ్డి, వీలైతే ఇద్దరిని తన మీద వేసుకుంటాడు. సాక్‌లకు, అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడానికి, అనువైన చోటు కాదది. హ్యూస్టన్ జట్టులో ఆ స్థానంలో ఆడుతూ జె.జె. 2012లో 20.5 సాక్‌లు సాధించాడు! ఎంత గొప్ప ఆటో ఇప్పుడే తెలిసింది.

4-3లో (ముందు నలుగురు, వెనక ముగ్గురు లైన్‌బ్యాకర్లు) అంచు ఎండ్‌దే. 2001లో మైకేల్ స్ట్రాహాన్ 22.5 సాక్‌లు ఎండ్‌గా సాధించినవే, 2021లో టి.జె. వాటిని సమం చేసింది లైన్‌బ్యాకర్‌గా. ఇక 4-3 అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ వెనక నిలబడి పరుగును ఆపాలి, టైట్ ఎండ్‌ను (బంతి అందుకునే ఎదుటి ఆటగాడు) కాచుకోవాలి.

పేరులో డబ్బూ ఉంది. 2008లో బాల్టిమోర్ జట్టు తనకు లైన్‌బ్యాకర్‌గా ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆ స్థానానికి లెక్కకట్టిన జీతంతో ఆటగాణ్ణి ఒక ఏడాది ఉంచుకోవడం) వేస్తే, ఎండ్‌కు ఎక్కువ వస్తుందని ఆటగాడు టెరెల్ సగ్స్ అభ్యంతరం చెప్పాడు. చివరికి రెండు మొత్తాలకూ మధ్యలో రాజీ కుదిరింది.