రష్యా గోడ చార్టు: 83 రాయాలా, 85 రాయాలా, 89 రాయాలా?

సోషల్_సారు (అనంతపురం)

అందరికీ నమస్కారం. బడిలో తొమ్మిది, పది తరగతుల గదికి రష్యా రాజకీయ పటం పెట్టాలి. పిల్లలే గీస్తారు. షాపులో దొరికే మామూలు చార్టు, 70 × 56 సెం.మీ. మూడు చోట్ల ఇరుక్కున్నాం.

ఒకటి, రష్యాలో ఎన్ని ప్రాంతాలున్నాయన్న లెక్క. ఒక గైడులో 83, ఇంకోదాంట్లో 85, కొత్తదాంట్లో 89 అని ఉంది. 1990ల నాటి పాత పుస్తకంలో కూడా 89 అనే ఉంది! ఈ రెండు 89లూ ఒకటేనా? రెండోది, రిపబ్లిక్, క్రాయ్, ఒబ్లాస్ట్, ఒక్రుగ్ అని ఇన్ని రకాలు. రిపబ్లిక్ అంటే మన రాష్ట్రం, ఒబ్లాస్ట్ అంటే జిల్లా అని చెప్పేయొచ్చా? మూడోది, నెట్‌లో దించుకున్న పటంలో రష్యా ముక్క ఒకటి తెగిపోయి ఎడమ అంచున, అలాస్కా పక్కన కనిపిస్తోంది. ప్రింటు తప్పా? ఒక్క చార్టులో దేశమంతా పడుతుందా?

కందనవోలు_పటాలు

రెండు 89లూ ఒకటి కావు సార్. మొదటి 89, 1993 డిసెంబర్ 12న జనవాక్య సేకరణలో నెగ్గిన రాజ్యాంగంలో, 65వ అధికరణలో ఉన్న జాబితా. ఆ తర్వాత ఆరు స్వయంప్రతిపత్తి ఒక్రుగ్‌లు (స్థానిక జాతుల పేరిట ఏర్పడిన ప్రాంతాలు) పక్కనున్న పెద్ద ప్రాంతాల్లో కలిసిపోయాయి. 2005 డిసెంబర్‌లో కోమి-పెర్మ్యాక్ కలిసి పెర్మ్ క్రాయ్ అయింది. 2007 జనవరిలో ఎవెంక్, తైమిర్ రెండూ క్రాస్నొయార్స్క్‌లోకి, అదే ఏడాది జులైలో కొర్యాక్ కమ్చాట్కాలోకి పోయాయి. 2008 జనవరిలో ఉస్త్-ఒర్దా ఇర్కుత్స్క్‌లో కలిసింది, మార్చిలో అగా, చిత కలిసి జబయ్‌కాల్స్కీ క్రాయ్ అయ్యాయి. 89లో ఆరు పోతే 83.

2014 మార్చిలో క్రిమియా, సెవస్తోపోల్ తమవే అని రష్యా కలుపుకుంది, వాళ్ల లెక్క 85 అయింది. 2022 సెప్టెంబర్ 30న దొనెత్స్క్, లుహాన్స్క్, జపోరిజియా, ఖెర్సోన్ కూడా తమవేనని ప్రకటించింది, లెక్క మళ్లీ 89కి వచ్చింది. అంకె ఒకటే గానీ లోపలి సరుకు వేరు. ఈ ఆరూ అంతర్జాతీయ గుర్తింపు ప్రకారం ఉక్రెయిన్ భూభాగం. జపోరిజియా నగరమైతే ప్రకటన చేసిన రోజు కూడా ఉక్రెయిన్ చేతిలోనే ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2014 మార్చి 27న 100-11 ఓట్లతో, 2022 అక్టోబర్ 12న 143-5 ఓట్లతో ఈ కలుపుకోవడాలు చెల్లవని తీర్మానించింది. భారత్ రెండుసార్లూ ఓటు వేయలేదు.

చార్టు మీద 83 రంగులు వేయించండి. ఆ ఆరింటినీ రంగు లేకుండా చుక్కల గీతతో చూపి, పక్కన “రష్యా తనవిగా చెప్పుకొనేవి, మొత్తం 89” అని రాయించండి. తేదీ వేయకుండా అంకె ఒక్కటే రాస్తే ఏ పిల్లోడో పాత పుస్తకం తెచ్చి నిలదీస్తాడు.

83 ఎట్లా వస్తుందంటే: రిపబ్లిక్‌లు 21, క్రాయ్‌లు 9, ఒబ్లాస్ట్‌లు 46, ఫెడరల్ నగరాలు 2 (మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్), స్వయంప్రతిపత్తి ఒబ్లాస్ట్ 1 (బిరోబిజాన్ కేంద్రంగా ఉన్న యూదుల ప్రాంతం), స్వయంప్రతిపత్తి ఒక్రుగ్‌లు 4.

గ్రూప్స్_కడప

పిల్లలకు ఇంత లోతు ఎందుకు సార్. రిపబ్లిక్ పెద్దది, ఒబ్లాస్ట్ చిన్నది, రాష్ట్రం-జిల్లా అనుకుంటే పరీక్షకు చాలు.

తుంగభద్ర_గట్టు

చాలదు బ్రో, పరీక్షలో పడేదే అక్కడ. ఇంగుషేతియా రిపబ్లిక్ సుమారు 3,600 చ.కి.మీ. ఇర్కుత్స్క్ ఒబ్లాస్ట్ ఏడున్నర లక్షల పైమాటే. పెద్దది-చిన్నది అన్న కొలతే నిలబడదు. ఒకదాని కింద ఒకటీ కావు. రాజ్యాంగం 5వ అధికరణ ప్రకారం అన్ని రకాలూ సమానం. మన జిల్లా లాంటిది రష్యాలో వీటికి ఇంకా కింద ఉంటుంది, దాని పేరు రయోన్.

తేడా ఉన్నది వేరే చోట. రిపబ్లిక్‌కు సొంత రాజ్యాంగం ఉంటుంది, రష్యన్‌తో పాటు తన అధికార భాషను తనే ప్రకటించుకోవచ్చు. తతార్‌స్తాన్‌లో తతార్, యాకుతియాలో సఖా అట్లా వచ్చినవే. ఒబ్లాస్ట్‌కు, క్రాయ్‌కు ఉండేది చార్టర్ (నియమావళి) మాత్రమే. క్రాయ్‌కూ ఒబ్లాస్ట్‌కూ మధ్య నేడు చట్టపరంగా తేడా ఏమీ లేదు, పేరు పాత చరిత్ర వల్ల మిగిలింది.

రిపబ్లిక్ అనగానే 1991లో విడిపోయిన 15 దేశాలతో కలిపేయడం ఇంకో పొరపాటు. ఉక్రెయిన్, కజకిస్తాన్ లాంటివి సోవియట్ యూనియన్‌లో పై వరుస. తతార్‌స్తాన్, బష్కొర్తొస్తాన్, దగెస్తాన్ లాంటివి రష్యా లోపలి స్వయంప్రతిపత్తి రిపబ్లిక్‌లు. ఇట్లాంటివి 16 ఉండేవి. 1991లో అదిగేయా, ఆల్తాయ్, ఖకాసియా, కరచాయ్-చెర్కెసియా హోదా పెరిగి 20 అయ్యాయి. 1992లో చెచెన్-ఇంగుష్ రెండుగా చీలి 21.

పార్లమెంటు దగ్గర కూడా మన అలవాటు పనికిరాదు. మన రాజ్యసభలో జనాభాను బట్టి సీట్లు. అక్కడి ఫెడరేషన్ కౌన్సిల్‌లో ప్రతి ప్రాంతానికీ ఇద్దరే, ఒకరు శాసనసభ నుంచి, ఒకరు గవర్నర్ (అక్కడ ప్రాంతపు పాలనాధిపతి) వైపు నుంచి. కోటికి పైగా జనమున్న మాస్కో నగరానికీ ఇద్దరే, ఈశాన్య కొసన ఉన్న చుకోట్కా ఒక్రుగ్‌కూ ఇద్దరే. చుకోట్కా జనాన్నంతా పోగేసినా మన గుంతకల్లు పట్టణంలో సగం కూడా రారు. 2020 సవరణ తర్వాత అధ్యక్షుడు నేరుగా 30 మంది దాకా నియమించుకోవచ్చు. దిగువ సభ డూమాలో 450 సీట్లు: 225 నియోజకవర్గాలవి, 225 పార్టీ జాబితావి. జాబితా సీట్లు దక్కాలంటే 5 శాతం ఓట్లు దాటాలి. డూమా గడువు ఐదేళ్లు, అధ్యక్షుడిది ఆరేళ్లు.

కాగితం మీద ఇంత సమాఖ్య ఉన్నా పగ్గాలు మాస్కో చేతిలోనే. గవర్నర్ల ప్రత్యక్ష ఎన్నిక 2004లో రద్దయింది, 2012లో తిరిగొచ్చింది. 1994లో తతార్‌స్తాన్ కేంద్రంతో కుదుర్చుకున్న ప్రత్యేక ఒప్పందాన్ని 2007లో తిరగరాసుకున్నారు, అది 2017లో గడువు తీరిపోయింది, మళ్లీ రాయలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు “సమానం” అన్న మాట పక్కన ఇదీ చెప్పండి, లేకుంటే సగమే చెప్పినట్టు.

గ్రూప్స్_కడప

సరే, ఒప్పుకున్నా. మరి రెండు ప్రాంతాలు కలపాలంటే మనలాగా పార్లమెంటు బిల్లు పెడితే అయిపోతుందా?

తుంగభద్ర_గట్టు

కాదు. మన 3వ అధికరణలో రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలని లేదు. 2014లో చూశాం కదా. అక్కడ కలిసే రెండు ప్రాంతాల్లోనూ జనవాక్య సేకరణ జరగాలి. 2005-08 విలీనాలన్నీ అట్లా జరిగినవే. 2020 మేలో అర్ఖంగెల్స్క్‌లో నేనెత్స్ ఒక్రుగ్‌ను కలుపుతామని ప్రకటించి, నేనెత్స్ జనం ఎదురుతిరగడంతో వదులుకున్నారు. చమురు డబ్బున్న ఒక్రుగ్ మరి, ఊరికే కలుస్తుందా.

పెన్నా_స్కేల్

గీసే పని గురించి చెప్తా సార్. స్కేలు 1 : 1,50,00,000 పెట్టుకోండి, అంటే 1 సెం.మీ.కి 150 కి.మీ. శంకు ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు దించే ఒక పద్ధతి) రష్యా దాదాపు 50 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు వస్తుంది. చార్టును అడ్డంగా వాడితే కింద 20 సెం.మీ. పైనే మిగులుతుంది, ఇన్‌సెట్‌లకు (పక్కన విడిగా గీసే చిన్న పటాలకు) అదే చోటు.

తెగిన ముక్క ప్రింటు తప్పు కాదు. అది చుకోట్కా. 180 డిగ్రీల రేఖాంశం దాని మీదుగా పోతుంది. గ్రీనిచ్‌ను నడిమధ్య పెట్టి గీసే ప్రపంచ పటాలు సరిగ్గా ఆ గీత దగ్గర కత్తిరిస్తాయి, తూర్పు కొస ఎడమ అంచుకు ఎగిరిపోతుంది. పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఆల్బర్స్ సమవైశాల్య ప్రొజెక్షన్ తీసుకుని మధ్య రేఖాంశం 100 తూర్పు, ప్రామాణిక అక్షాంశాలు 52, 64 ఇవ్వండి. దించుకున్న ఫైలులోనే 180 దగ్గర కోత ఉంటుంది కాబట్టి చుకోట్కా మధ్యలో ఒక నిలువు గీత మిగలొచ్చు, రెండు ముక్కల్ని అందులోనే ఉన్న డిజాల్వ్ అనే పనిముట్టుతో కలిపితే పోతుంది.

మెర్కేటర్ ప్రొజెక్షన్ జోలికి పోవద్దు. అందులో రష్యా ఆఫ్రికా కన్నా పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి రష్యా 1.71 కోట్ల చ.కి.మీ., ఆఫ్రికా సుమారు 3 కోట్లు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర మెర్కేటర్ వైశాల్యాన్ని నాలుగింతలు చేసి చూపిస్తుంది, రష్యాలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే.

మీ స్కేలులో 1 చ.సెం.మీ. అంటే 22,500 చ.కి.మీ. విడిపోకముందు అనంతపురం జిల్లా 19,130 చ.కి.మీ., అంటే ఒక చదరపు సెంటీమీటరు కూడా రాదు. యాకుతియా ఒక్కటే 137 చ.సెం.మీ. మింగుతుంది. అటు ఇంగుషేతియా 0.16 చ.సెం.మీ., పెన్సిల్ ములికి పెట్టే చోటు. అందుకే నల్లసముద్రం, కాస్పియన్ మధ్య కాకసస్ ప్రాంతాన్ని విడిగా 1 : 50,00,000 ఇన్‌సెట్‌లో గీయండి, 18 × 10 సెం.మీ. సరిపోతుంది. పడమర నుంచి తూర్పుకు అదిగేయా, కరచాయ్-చెర్కెసియా, కబర్దినో-బల్కారియా, ఉత్తర ఒసేషియా, ఇంగుషేతియా, చెచెన్యా, దగెస్తాన్. అదిగేయా చుట్టూ క్రాస్నొదార్ క్రాయే ఉంటుంది, ఆ క్రాయ్ సరిహద్దును దాని చుట్టూ పూర్తిగా మూయించండి.

పోలికకు పక్కన ఇండియా పటం పెడితే అదే స్కేలులో 21 సెం.మీ. ఎత్తు వస్తుంది. దాని గీత మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పటం నుంచే తీసుకోండి, విదేశీ సైట్లలో కాశ్మీర్ సరిహద్దు వేరుగా ఉంటుంది. ఇదే జాగ్రత్త క్రిమియాకూ వర్తిస్తుంది. నేచురల్ ఎర్త్ లాంటి ఉచిత డేటా ఎవరి అదుపులో ఉంటే వాళ్ల దేశంలో గీస్తుంది.

సోషల్_సారు (అనంతపురం)

చాలా మేలు చేశారు. ఒక చిక్కు మిగిలింది. పిల్లలు 83 ప్రాంతాల వైశాల్యాలు పట్టికలో కూడితే మొత్తం 1.85 కోట్ల పైకి పోతోంది. దేశం కన్నా ఎక్కువ ఎట్లా వస్తుంది? రంగులు కూడా 83 ఎక్కడ తెచ్చేది?

కందనవోలు_పటాలు

అది త్యుమెన్, అర్ఖంగెల్స్క్‌ల వల్ల. త్యుమెన్ ఒబ్లాస్ట్ 14.64 లక్షల చ.కి.మీ. అని రాస్తారు, కానీ అందులో ఖాంతీ-మాన్సీ 5.35 లక్షలు, యమాలో-నేనెత్స్ 7.69 లక్షలు కలిసే ఉన్నాయి. ఆ రెండూ త్యుమెన్‌లో భాగమూ అవుతాయి, 83లో విడి సభ్యులూ అవుతాయి. వాటిని తీసేస్తే త్యుమెన్‌కు మిగిలేది 1.60 లక్షలు, దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత. అర్ఖంగెల్స్క్ కూడా అంతే: 5.90 లక్షల్లో నేనెత్స్ 1.77 పోతే 4.13. నాలుగో ఒక్రుగ్ చుకోట్కా ఎవరి కిందా లేదు. ఈ మూడింటినీ రెండుసార్లు కూడకుండా చూస్తే 1.71 కోట్లు వస్తుంది.

రంగులకు 8 చాలు, ఫెడరల్ జిల్లాకు (చాలా ప్రాంతాలను కలిపిన పర్యవేక్షణ గుంపుకు) ఒకటి. 2000 మేలో అధ్యక్షుడి ఉత్తర్వుతో ఏడు పుట్టాయి, 2010లో ఉత్తర కాకసస్ చేరి ఎనిమిది. ఇవి రాజ్యాంగంలో లేవు, ఎన్నికలూ ఉండవు, అధ్యక్షుడి ప్రతినిధి ఒకాయన పర్యవేక్షిస్తాడు. 83 లెక్కలో మధ్య 18, వాయవ్యం 11, దక్షిణం 6, ఉత్తర కాకసస్ 7, వోల్గా 14, ఉరల్ 6, సైబీరియా 10, దూర ప్రాచ్యం 11. 2018కి ముందు గైడ్లలో సైబీరియాకు 12, దూర ప్రాచ్యానికి 9 ఉంటాయి. ఆ ఏడాది నవంబర్‌లో బుర్యాతియా, జబయ్‌కాల్స్కీ అటు మారాయి. డిసెంబర్‌లో దూర ప్రాచ్య కేంద్రం కూడా ఖబరోవ్స్క్ నుంచి వ్లదివొస్తోక్‌కు పోయింది. అదిగేయా కాకసస్‌లో ఉన్నా దక్షిణ జిల్లా రంగే వేయాలి, అక్కడ చాలామంది తప్పుతారు.

ప్రొద్దుటూరు_అమ్మ

మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. రష్యాలో మెడిసిన్ చదివే పిల్లలకు ఇంటి నుంచి ఫోన్ చేసేటప్పుడు టైము ఎట్లా లెక్కపెట్టాలి? ఒకరు 9 టైమ్ జోన్లంటారు, ఒకరు 11 అంటారు.

పెన్నా_స్కేల్

11 అక్కా. 2010లో 9కి తగ్గించారు, 2014 అక్టోబర్ 26 నుంచి మళ్లీ 11. ఎండాకాలం, చలికాలం అని గడియారం ముందుకూ వెనక్కూ జరపడం ఇప్పుడు లేదు, కాబట్టి తేడా ఏడాది పొడుగునా ఒకటే. మాస్కో, కజాన్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. మనకు రాత్రి 8 అయితే అక్కడ సాయంత్రం 5:30. సమారా గంటన్నర వెనక, ఎకతెరిన్‌బర్గ్, ఉఫా అరగంట వెనక. ఓమ్స్క్ అరగంట ముందు, నొవొసిబిర్స్క్ గంటన్నర ముందు, వ్లదివొస్తోక్ నాలుగున్నర గంటలు ముందు. కమ్చాట్కా ఆరున్నర ముందు, మనకు రాత్రి 8 అంటే వాళ్లకు తెల్లవారుజాము 2:30. రైలు టికెట్ మీద 2018 ఆగస్టు ముందు మాస్కో టైమే వేసేవాళ్లు, ఇప్పుడు ఆ స్టేషన్ స్థానిక టైము వేస్తారు. పాత బ్లాగుల్లో సలహా చదివి రెండోసారి తేడా కలుపుకుంటే రైలు పోతుంది.

సార్, మీ చార్టుకు ఇంకో మాట. ఎకతెరిన్‌బర్గ్ చుట్టూ ఉన్న ఒబ్లాస్ట్ పేరు నేటికీ స్వెర్ద్‌లోవ్స్కే, పీటర్స్‌బర్గ్ చుట్టూ ఉన్నది లెనిన్‌గ్రాదే. 1991లో నగరాల పేర్లే మారాయి. పిల్లలు “తప్పు” అని కొట్టేస్తారేమో, ముందే చెప్పి పెట్టండి.