తంగేడు గింజ మొలవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: గట్టు మీది తంగేడు కాయలు ఎండాక ఒలిచి కుండీలో వేశాను. కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), కంపోస్టు సగం సగం. రోజూ నీళ్లు పోస్తున్నా మూడు వారాలుగా గింజలో కదలిక లేదు.

జవాబు 1: గింజ చచ్చిపోలేదండీ, పైతొక్కలోంచి నీరు దిగట్లేదు, అంతే. మొన ఉన్న వైపు వదిలేసి, రెండో వైపు గరుకు కాగితం మీద రుద్దండి. తొక్క కింద రంగు మారగానే ఆపాలి, ఇంకా రుద్దితే పప్పు దెబ్బతింటుంది. రాత్రంతా నానబెట్టండి. ఉబ్బినవి సెంటీమీటరు లోతున నాటండి, ఉబ్బనివి మళ్లీ రుద్దండి. పొయ్యి మీద మాత్రం ఉడికించొద్దు.

జవాబు 2: అసలు ఆ మట్టి మార్చండి. తంగేడు పుట్టేది ఎర్ర చెల్కల్లో, రాళ్ల దిబ్బల మీద, రోడ్డు గట్ల మీద. తడి నిలిస్తే వేరు కుళ్లుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు చాలు, ఎరువెందుకు? తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి చిన్నప్పుడే, మట్టిగడ్డ చెదరకుండా ఎండలోకి మార్చాలి.

జవాబు 3: ఆకుల మీద పచ్చ గొంగళ్లు కనిపిస్తే మందు కొట్టకండి, సీతాకోకచిలుకలవి. ఇంకొకటి, బతుకమ్మకు పూలన్నీ కోసేస్తే కాయలుండవు, కొన్ని కొమ్మలు వదలండి.