శిక్షణ తీసుకున్న ఊరివాళ్ల చేతికి ట్రోకార్ ఇవ్వాలా, వద్దా?

హంద్రీ గట్టు (పత్తికొండ వైపు):
మా పంచాయతీలో నలుగురిని ఎంచి, పశువులకు ఆపద వచ్చినప్పుడు ఏం చేయాలో శిక్షణ ఇప్పిద్దామని గ్రామసభలో అనుకున్నాం. కడుపుబ్బరం, జొన్న నాము, పాముకాటు, పిడుగు, అంటురోగాలు, అన్నీ అందులో ఉంటాయి. అంతవరకు ఎవరూ కాదనలేదు. శిక్షణ అయ్యాక ఇచ్చే కిట్‌లో ఏముండాలి అన్న దగ్గరే గొడవ మొదలైంది. కొందరు ట్రోకార్, సూదిమందులు కూడా పెట్టాలంటున్నారు. ఇంకొందరు అయోడిన్, దూది, తాడు ఉంటే చాలంటున్నారు.

ట్రోకార్ చూడనివాళ్ల కోసం: మొనదేలిన ఉక్కు కడ్డీ, దాని మీద తొడిగిన గొట్టం. ఉబ్బిన పశువు ఎడమ డొక్కలో గుచ్చి కడ్డీ లాగేస్తే గొట్టంలోంచి గ్యాస్ బయటికి పోతుంది.

నా మాట ఏంటంటే, ఇవ్వాలి. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది, నిజమే. 2022 మేలో మన రాష్ట్రంలో 175 బండ్లతో మొదలై, తర్వాతి ఏడాది ఇంకో 165 వచ్చాయి. అంటే నియోజకవర్గానికి దాదాపు రెండు. ఈని లేవలేని గేదె దగ్గర ఒక బండి, ఇంకో మండలంలో రెండో బండి ఉంటే, ఇక్కడ ఉబ్బిన ఆవు ఎంతసేపు ఆగుతుంది? డాక్టర్లను అనడం లేదు. ఉన్న దూరం అలాంటిది.

గొర్రెల మంద (కళ్యాణదుర్గం):
ఇవ్వాలా వద్దా అని అడుగుతున్నావు గానీ అన్నా, ఇవ్వకపోయినా పొడుస్తానే ఉన్నారు. కొడవలి మొనతో పొడిచినోళ్లను చూసినా. బతికినవి ఉన్నాయి, చీము పట్టి చచ్చినవీ ఉన్నాయి. ఎట్లాగూ పొడిచేటప్పుడు సరైన పనిముట్టు ఇచ్చి, పొడిచే చోటు నేర్పితే పోదా? మంద తోలుకుని వలస పోయినప్పుడు మాకు ఏ ఊరి డాక్టర్ యాడుంటాడో కూడా తెలీదు.

డాక్టరమ్మ (ప్రొద్దుటూరు):
పశువైద్యురాలిగా నేను ఒప్పుకోను. కారణం చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ట్రోకార్ గుచ్చడం పెద్ద విద్య కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఎడమవైపు గుంట ఉంటుంది. ఉబ్బరంలో అదే తప్పెటలా బిగుసుకుంటుంది. అక్కడ గుచ్చి కుడి ముందుకాలి మోచేతి వైపు దించాలి. ఇది ఒక పూటలో నేర్పొచ్చు. ఎప్పుడు గుచ్చకూడదో నేర్పడమే కష్టం.

ఉబ్బరం రెండు రకాలు. ఒకటి వట్టి గ్యాస్, గొట్టం పడగానే బుస్సుమని పోతుంది. రెండోది నురగ. పచ్చి లూసర్న్, లేత అలసంద లాంటివి ఎక్కువ తింటే గ్యాస్ బుడగలు బుడగలుగా మేతలోనే కలిసిపోతుంది. అప్పుడు ట్రోకార్ వేస్తే గొట్టానికి నురగ అడ్డుపడుతుంది, కడుపు దిగదు. దిగలేదని పక్కన ఇంకోటి, దాని పక్కన మరోటి గుచ్చుతారు. ఆ కంతల్లోంచి మేత నీళ్లు పొట్ట కుహరంలోకి కారతాయి.

నురగకు నూనె పట్టాలి, ఇంట్లో ఉండే వేరుశనగ నూనె అయినా పనిచేస్తుంది. దాంట్లోనూ ప్రమాదం ఉంది. తల పైకెత్తించి, నాలుక బయటికి లాగి పట్టుకుని, వెదురు గొట్టంతో గొంతులోకి గుమ్మరిస్తారు. నాలుక ఇంకొకరి చేతిలో ఉంటే పశువు ఎలా మింగుతుంది? నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉబ్బరం తగ్గిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాక నాలుగు రోజులకు న్యుమోనియాతో పోతుంది ఆ ఆవు.

ఇక సూదిమందుల సంగతి. వానలేక వాడిన జొన్న, కోసిన మోళ్ల మీద లేచిన పిలకలు తింటే నాము కొడుతుంది. అందులో ఉండేది సైనైడ్ విషం, రక్తం మామూలు కంటే ఎర్రగా ఉంటుంది. విరుగుడుగా సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తాం. యూరియా దండిగా వేసిన మేత తిన్నా పశువు దాదాపు ఇలాగే రొప్పుతూ కూలిపోవచ్చు. అది నైట్రేట్ విషం, రక్తం కాఫీ రంగులో ఉంటుంది. నాము అనుకుని ఆ పశువుకు సోడియం నైట్రైట్ ఎక్కిస్తే మన చేత్తో మనమే చంపినట్టు. ఈ తేడా నాలుగు రోజుల శిక్షణలో పట్టుబడేది కాదు.

నల్లకోటు (అనంతపురం):
చట్టం సంగతి కూడా చూసుకోండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టర్ అయిన డాక్టరే. మినహాయింపు ఉంది: డిప్లొమానో సర్టిఫికెట్టో ఉన్నవాళ్లకు, డాక్టర్ పర్యవేక్షణలో, చిన్న చిన్న సేవలకు రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ద్వారా అనుమతి ఇవ్వొచ్చు. టీకాలు, విత్తులు కొట్టడం, గాయాలకు కట్టు కట్టడం లాంటివి ఆ చట్టంలోనే పేరు పెట్టి రాశారు. ట్రోకార్ పేరు అక్కడ లేదు. తన ఆవు చచ్చిపోతుంటే రైతు తానే ఏదో చేసుకోవడం ఒక సంగతి. పంచాయతీ తరఫున కిట్ పట్టుకుని ఊరంతా తిరిగి చేయడం ఇంకో సంగతి. రేపు ఎవరి గేదెనో పోతే కేసు ఆ కుర్రాడి మీద పడుతుంది, గ్రామసభలో చప్పట్లు కొట్టినవాళ్ల మీద కాదు.

నోరూరుకోదు:
చట్టం చదివి ఆవుకు వినిపించండి సార్, ఉబ్బరం దిగుతుందేమో.

పశుసఖి (ఆలూరు):
పైన నవ్వినవాళ్లు నవ్వారు గానీ, ఆ పడే కేసు మాలాంటోళ్ల మీదే పడుతుంది. నేను పశుసఖిగా చేస్తున్నా. నట్టల మందు పట్టించడం, టీకాలప్పుడు డాక్టర్ గారి వెంట ఇంటింటికీ తిరగడం, చెవి పోగుల నంబర్లు రాయడం మా పని.

నా సంచిలో సూదిమందు ఉందని తెలిస్తే ఊళ్లో ఊరుకోరు. జ్వరం అంటే "ఒకటి వేయక్కా", పాలు తగ్గాయంటే "ఒకటి వేయక్కా". వేయనంటే ముఖం మాడ్చుకుంటారు. వేశాక ఏదైనా అయితే "నువ్వే చంపినావు" అంటారు. డాక్టర్ గారికైతే బదిలీ అవుతుంది. నేను మా అత్తగారి ఊళ్లోనే ఉండాలి కదా. అందుకే సూదులు వద్దే వద్దు.

ట్రోకార్ మాత్రం వేరు. జ్వరమో పాలు తగ్గడమో సాకుగా చూపి ట్రోకార్ వేయమని ఎవరూ అడగరు. ఉబ్బిన డొక్క వెన్నుపూస కంటే పైకి లేచి, పశువు నాలుక బయటపెట్టి కూలబడ్డాక ఊరంతా చూస్తూ నిలబడుతుంది. అప్పుడు మేడమ్ గారు ఫోన్లో ఉంటే, "ఇప్పుడు వేయి" అంటే, నేను వేస్తా. ఆమె చెప్పకపోతే వేయను.

డాక్టరమ్మ (ప్రొద్దుటూరు):
అమ్మా, నువ్వు చెప్పిన ఆ కూలబడ్డ దశలో నా దగ్గర కూడా వేరే దారి ఉండదు. అది నురగ ఉబ్బరమైనా సరే, గుచ్చి చూడటం, ఆ గొట్టం గుండానే నూనె పోయడం చేస్తాం. ఫోన్లో నేనో ఇంకో డాక్టరో ఉండి, ఇంకేమీ చేయడానికి టైం లేనప్పుడు వేస్తే నాకు అభ్యంతరం తక్కువ. లేదని మాత్రం అనను. ఫోన్ కలవకపోయినా వేసేస్తారు, అది నాకు తెలుసు.

గొర్రెల మంద (కళ్యాణదుర్గం):
మేడమ్, ఆవుల సంగతి మీరు తేల్చుకోండి. మా గొర్రెల్లో ఒకటి అడుగుతా. తొలకరి పడి పచ్చిక లేస్తానే, రాత్రి బాగా మేసిన పొట్టేలు తెల్లారేసరికి చచ్చి ఉంటుంది. చిటుకు రోగం అంటాం. కోసి కూర వండుకోవడం, సగం రేటుకు పంచడం మామూలే. ఇది కూడా శిక్షణలో చెప్తారా?

డాక్టరమ్మ (ప్రొద్దుటూరు):
నాకైతే ఇదే మొదటి పాఠం. ట్రోకార్ కంటే ముందు ఇది.

చిటుకుకు మందు కంటే టీకా ముఖ్యం. వానలకు ముందే, మే, జూన్ నాటికి మంద మొత్తానికీ పడాలి. కానీ తెల్లారేసరికి చచ్చిన ప్రతి గొర్రె చిటుకుతోనే చావదు. దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కూడా అలాగే హఠాత్తుగా కొడుతుంది. ముక్కు నుంచో వెనక నుంచో నల్లటి, గడ్డకట్టని రక్తం కారుతున్నా, కళేబరం బిగుసుకుపోకుండా త్వరగా ఉబ్బిపోతున్నా కత్తి ముట్టుకోవద్దు. కోస్తే ఆ క్రిమి గాలి తగిలి స్పోర్లుగా మారుతుంది. అవి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి, అదే మేతబీడులో ఎప్పుడో మళ్లీ లేస్తాయి. కోసినవాళ్ల చేతుల మీద నొప్పి లేని పుండు లేచి, మధ్యలో నల్లటి పొక్కు కడుతుంది. అది కనబడితే ఆలస్యం చేయకుండా మనుషుల ఆసుపత్రికి పోవాలి.

పరిహారానికి పోస్ట్‌మార్టం కావాలి కదా అని కోసేవాళ్లున్నారు. దొమ్మ అనుమానం ఉంటే మేమే పోస్ట్‌మార్టం చేయం. చెవి నరం నుంచి చుక్క రక్తం గాజు పలక మీద తీసి పరీక్షిస్తాం. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి, తోలు ఒలవకుండా పూడ్చాలి. కుక్కలు లాగకుండా పైన ముళ్లకంప వేయాలి.

హంద్రీ గట్టు (పత్తికొండ వైపు):
ఇది మా జాబితాలో "అంటురోగాలు" అన్న ఒక్క ముక్కలో పోయింది. విడిగా రాయిస్తా.

గొర్రెల మంద (కళ్యాణదుర్గం):
కోయొద్దంటే ఆ నష్టం ఎవరిస్తారు మేడమ్? విపత్తు సహాయ నిధి కింద గొర్రెకు 4,000 అని రాసుకున్నారు, అదీ ఇంటికి 30 వరకే. పిడుగు పడి మందలో సగం ఒక్కసారే పోయినోళ్లున్నారు. 4,000కి ఇప్పుడు పిల్ల కూడా రాదు. ఆ కాస్తన్నా మాంసం అమ్ముకుంటే వస్తుందని కదా కోసేది.

డాక్టరమ్మ (ప్రొద్దుటూరు):
దానికి నా దగ్గర జవాబు లేదు. పిడుగు గురించి ఒకటి చెప్తాను. చెట్టు మీద పడిన కరెంటు నేల గుండా నాలుగు దిక్కులా పారుతుంది. పశువు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి అది దాని ఒంట్లోంచే పోతుంది. వాన వస్తుందని వేపచెట్టు కిందకు మందను తోలడం అన్నిటికంటే చెడ్డ పని. దామిని యాప్ ఫోన్లో పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగు ముప్పు ముందే చూపిస్తుంది. చనిపోయినవాటిని కదిలించకముందే చెవి పోగులు కనిపించేలా ఫోటోలు తీసి, సచివాలయంలో చెప్పి పంచనామా చేయించుకోండి.

చెయ్యేటి ఒడ్డు (రాజంపేట):
ఇంత చర్చలో సూది, కత్తి, గొట్టం తప్ప వేరే మాట రాలేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి వైపు మనుషులతో పాటు పశువులూ చాలా కొట్టుకుపోయాయి. అంతకుముందు 2009 అక్టోబరులో కర్నూలు మునిగింది, అక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది.

వరదలో పశువుకు కావాల్సింది వైద్యం కాదు. పలుపు విప్పే చెయ్యి కావాలి. కట్టుగొయ్యకు కట్టేసిన ఆవు ఈత వచ్చి కూడా మునిగిపోతుంది. మా దగ్గర ముడి వేస్తే ఇద్దరు కూర్చుని విప్పాలి, తడిస్తే అదీ రాదు. ఒక కొస పట్టి లాగితే ఊడిపోయే ముడి ఉంటుంది, దాన్ని ఇంటింటికీ నేర్పండి. ఏ వీధి పశువులు ఏ దిబ్బకు తోలాలి, ముసలివాళ్లు మాత్రమే ఉండే ఇళ్ల పలుపులు ఎవరు విప్పాలి, పేర్లు రాసి పెట్టండి. దీనికి డాక్టరూ అక్కర్లేదు, చట్టమూ అడ్డురాదు. నీళ్లు తగ్గాక కళేబరాలు పూడ్చడానికి జేసీబీ ఎవరిది, డీజిల్ డబ్బు ఎవరిదీ ముందే మాట్లాడుకోండి. అప్పుడు అడిగితే ఎవరూ పలకరు.

నోరూరుకోదు:
ఈసారి వెటకారం లేదు. జేసీబీ మాట నిజం.

హంద్రీ గట్టు (పత్తికొండ వైపు):
సరే, గ్రామసభ ముందు పెట్టేది ఇలా మారుస్తున్నా. సూదిమందులు కిట్‌లోంచి తీసేస్తాం. మొదటి రోజు దొమ్మ గుర్తులు, పశువును కింద పడేయకుండా పట్టుకునే పద్ధతి, తల మరీ పైకెత్తకుండా, నాలుక లాగకుండా నూనె పట్టడం, లాగితే ఊడే ముడి. ట్రోకార్ మాత్రం వదలను. ఊరికి ఒకటే, రైతు సేవా కేంద్రంలో పెడతాం, డాక్టర్ ఫోన్లో ఉంటేనే తీయాలి, తీసిన ప్రతిసారీ పుస్తకంలో రాయాలి. నల్లకోటు సార్, పశుసంవర్ధక శాఖ జేడీ (జాయింట్ డైరెక్టర్) గారికి ముందే అర్జీ పెట్టుకుంటే చట్టం చిక్కు కొంత తగ్గుతుందా?

నల్లకోటు (అనంతపురం):
అర్జీ పెట్టండి. రాతపూర్వకంగా జవాబు వచ్చేవరకు డిప్లొమా చేసిన గ్రామ పశుసంవర్ధక సహాయకుడి పేరు మీదే ఉంచండి. పశుసఖి పేరు మీద వద్దు.

పశుసఖి (ఆలూరు):
మా ఊళ్లో ఆ పోస్టు ఖాళీ సార్.

గొర్రెల మంద (కళ్యాణదుర్గం):
మా ఊళ్లో ఉన్నాడు గానీ సాయంత్రానికి టౌనుకు పోతాడు. రాత్రిపూట ఆ కేంద్రం తాళం ఎవరి దగ్గర ఉంటుందో అది కూడా తీర్మానంలో రాయించన్నా.