పన్నెండేళ్ళ పిల్లాడికి హాకీ "ప్రాస్పెక్ట్ క్యాంప్" ఈమెయిల్ వచ్చింది, డబ్బు కట్టొచ్చా?

బ్రాంప్టన్ కొత్త:
అందరికీ నమస్కారం. వైజాగ్ నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఇక్కడ కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉంటున్నాం. మా వాడిది 2013 డిసెంబరు పుట్టుక. అక్కడ వుడా పార్కు రింకులో ఇన్‌లైన్ స్కేటింగ్ బాగా చేసేవాడు. ఇక్కడ స్కూల్లో స్నేహితులు ఐస్ హాకీ పిచ్చి అంటించారు. ఇప్పుడు అన్నం తింటున్నా అదే గోల. పోయిన వారం పబ్లిక్ స్కేటింగ్‌కి తీసుకెళ్తే ఒకాయన వీణ్ణి చూసి, మెచ్చుకుని, నా ఈమెయిల్ అడిగి తీసుకున్నాడు. మర్నాడే మెయిల్: మీ అబ్బాయిని ప్రాస్పెక్ట్ (ముందు ముందు పైకొచ్చే ఆటగాడు) క్యాంపుకి ఎంపిక చేశాం, శుక్రవారంలోగా ఫీజు కడితేనే సీటు ఉంటుంది అని. ఫీజు మా నెల అద్దెలో సగం పైనే. నేను అడిగేవి రెండే. ఇది కట్టొచ్చా? స్కేట్లు కొత్తవి కొనాలా, వాడినవి సరిపోతాయా?

మిల్టన్ అక్క:
తమ్ముడూ, కట్టకు. డబ్బు కట్టిన ప్రతివాడూ వాళ్ళకి ప్రాస్పెక్టే. ఎంపిక చేశాం అంటూనే శుక్రవారంలోగా కట్టమన్నారంటే ఖాళీలు ఇంకా నిండలేదనే.

ముందు నువ్వు చూసుకోవాల్సింది అడ్రస్ ప్రూఫ్. దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే నేను చెబుతున్నా. మేమూ మొదట్లో బేస్‌మెంట్‌లోనే ఉన్నాం. హౌస్ లీగ్‌కి (ఊళ్ళో పిల్లలు సరదాగా ఆడే లీగు) ఆన్‌లైన్‌లో ఫారం నింపాం, డబ్బూ కట్టాం. తర్వాత పాస్‌పోర్టు, అడ్రస్‌కి రెండు కాగితాలు పట్టుకుని అరీనాలో ఆఫీసుకి రమ్మన్నారు. మా దగ్గర ఏముంది? కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్ అన్నీ ఓనరు పేరు మీదే. అద్దె క్యాష్. లీజు కాగితమే లేదు. ఆఫీసులో ఆవిడ అద్దం వెనక నుంచి తలెత్తకుండా "కరెంటు బిల్లు" అంది. అది ఓనరు పేరు మీద ఉందండీ అంటే "అయితే లీజు" అంది. బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపిస్తే అది ప్రింటు కాదు, ఫోన్లో ఉంది కాబట్టి చెల్లదంది. పక్క షాపులో ప్రింటు తీయించుకుని వచ్చేసరికి కౌంటర్ మూసేశారు.

ఓనరు మనవాడే, తెలుగువాడే. "అన్నా, వీళ్ళు ఇక్కడే ఉంటున్నారని ఒక్క ముక్క రాసివ్వు" అని అడిగా. రేపు మాపు అంటూ తిప్పాడు. చివరికి వాళ్ళావిడ నోరు జారింది: బేస్‌మెంట్‌ని సిటీలో రిజిస్టర్ చేయించలేదట, ఆ కాగితం హాకీ ఆఫీసు నుంచి సిటీకి చేరుతుందని ఆయన భయమట. పిల్లల హాకీ కాగితం సిటీవాళ్ళకెందుకయ్యా! ఆఖరికి మా ఆయన డ్రైవింగ్ లైసెన్స్‌లో అడ్రస్ మార్పించుకుని, చైల్డ్ బెనిఫిట్ ఉత్తరం జత చేస్తే ఒప్పుకున్నారు. అప్పటికి టీములు నిండిపోయాయి, వెయిటింగ్ లిస్ట్. నవంబరులో ఎవరో పిల్లాడు మానేస్తే మా వాడికి చోటు దొరికింది. అన్ని వారాలూ వాడు స్టాండ్‌లో కూర్చుని హాట్ చాక్లెట్ తాగుతూ చూడటమే.

అంతటితో అయిందా? తడి గ్లవ్స్, ప్యాడ్లు ఫర్నేస్ పక్కన ఆరేస్తే ఇల్లంతా వాసన కొడుతోందని ఓనరు తలుపు కింద నుంచి చీటీ తోశాడు. వాసన నిజమే అనుకో, హాకీ సంచి వాసన గిట్టనివాళ్ళకి నరకమే. కానీ ఆ చీటీ రాసిన చేత్తో అడ్రస్ లెటర్ రాయొచ్చుగా! నువ్వు మాత్రం ఈరోజే లైసెన్స్‌లో అడ్రస్ మార్పించుకో.

ఓక్‌విల్ పెద్దాయన:
అమ్మా, ఆయన అడిగింది క్యాంపు గురించి. బాబూ, నేను వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, చెబుతా విను. కొత్తవాళ్ళ కోసం ద ఫస్ట్ షిఫ్ట్ అని ఒక పథకం ఉంది. తల నుంచి కాలి దాకా సామానంతా వాళ్ళే ఇస్తారు, ఐస్ మీద ఆట నేర్పుతారు. అందులో వేయి.

ఇంక ప్రాస్పెక్ట్ అన్న మాట ఇక్కడ ఊరికే రాదు. జీటీహెచ్‌ఎల్‌లో (టొరంటో చుట్టుపక్కల పిల్లల హాకీ లీగు) ఏ, డబుల్ ఏ, అన్నిటికన్నా పైన ట్రిపుల్ ఏ అని మెట్లుంటాయి. ట్రిపుల్ ఏ పిల్లలు పదిహేనో ఏట యూ16 (పదహారేళ్ళలోపు) సీజన్ ఆడతారు, ఓహెచ్ఎల్ (ఓంటారియోలో కుర్రాళ్ళ పెద్ద జూనియర్ లీగు) పేరుతో జరిగే కప్‌కి స్కౌట్లు, అంటే ఆటగాళ్ళని వెతికేవాళ్ళు వస్తారు, ఆ తర్వాత ఓహెచ్ఎల్ డ్రాఫ్ట్. ఇరవై టీములు వరుసగా పిల్లల్ని ఎంచుకుంటాయి. 2013 పుట్టుక అంటే మీవాడి వంతు 2029లో. పైగా డిసెంబరు పుట్టుక. ఇక్కడ లెక్క జనవరి 1 నుంచి డిసెంబరు 31. జనవరిలో పుట్టినవాడు ఇతని కంటే పదకొండు నెలలు పెద్ద, కానీ ఇద్దరికీ ఒకే టీము. చిన్న వయసులో ఆ తేడా ఎత్తులో, బలంలో కనిపిస్తుంది, కోచ్ పెద్దవాణ్ణే తీసుకుంటాడు.

ఇంకో మాట. ఓహెచ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడినా అమెరికా కాలేజీ హాకీ తలుపు శాశ్వతంగా మూసుకుపోతుంది. చదువు ముఖ్యం అనుకునే మనవాళ్ళు అటు చూడకపోవడమే మంచిది.

గోలీ నాన్న:
పెద్దాయన గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే రెండు సవరణలు. ఫస్ట్ షిఫ్ట్ 6 నుంచి 10 ఏళ్ళ పిల్లలకి. ఈయన అబ్బాయికి పన్నెండు దాటాయి, తీసుకోరు.

రెండోది, మీరు చెప్పిన కాలేజీ రూలు మారిపోయింది. 2024 నవంబరులో అమెరికా కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఓటు వేసి మార్చింది, 2025 ఆగస్టు 1 నుంచి అమలు. సీహెచ్ఎల్‌లో (ఓహెచ్ఎల్ లాంటి మూడు జూనియర్ లీగుల కూటమి) ఆడినవాళ్ళు కూడా అమెరికా కాలేజీలకి ఆడొచ్చు. సీహెచ్ఎల్ టీము మెడిసిన్ హాట్ టైగర్స్‌కి ఆడిన గావిన్ మెకెనా 2025లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళలేదా?

బ్రాంప్టన్ గారూ, ఇక మీ స్కేట్ల సంగతి. వాడినవే కొనండి, కాని చీలమండ దగ్గర బూటు మెత్తబడిపోయినవి వద్దు. రెండు వేళ్ళతో పక్కల నుంచి నొక్కితే లోపలికి వంగిపోతే వదిలేయండి. బ్లేడు ఎంత మిగిలిందో చూడండి, పదునుపెట్టీ పెట్టీ అరిగిపోయి ఉంటుంది. సైజు మామూలు బూటు కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ పడుతుంది. కాలు పెరుగుతుంది కదా అని పెద్దవి కొనకండి, మనవాళ్ళందరూ చేసేది అదే. లోపల పాదం ఆడితే వాడికి బ్లేడు అంచు మీద పట్టు దొరకదు. కొత్తవి కొంటే పదును పెట్టకుండా ఇస్తారు, దుకాణంలోనే అడిగి పెట్టించుకోవాలి. హెల్మెట్ మాత్రం కొత్తదే, సీఎస్ఏ (కెనడా భద్రతా ప్రమాణం) స్టిక్కర్ ఉన్నదే. మెడకి గార్డ్ లేకపోతే ఐస్ మీదికే రానివ్వరు.

ఇన్‌లైన్ వచ్చిన పిల్లలకి ముందుకెళ్ళడం తొందరగా వస్తుంది, ఆగడం రాదు. రెండు కాళ్ళూ అడ్డంగా తిప్పి మంచు చిమ్మేలా ఆగడం చక్రాల మీద అలవాటు కాదు. ఆ క్యాంపు డబ్బులో కొంత పెడితే సిటీ రింకులో పవర్ స్కేటింగ్ (హాకీకి కావాల్సిన స్కేటింగ్ మెళకువలు) క్లాసులు దొరుకుతాయి. వచ్చే సీజన్‌కి హౌస్ లీగ్‌లో వేయండి. అక్కడ బాడీ చెకింగ్, అంటే ఒంటితో గుద్ది ఆపడం కూడా ఉండదు.

ఓక్‌విల్ పెద్దాయన:
రూలు మారిందంటే సంతోషం. కానీ నేను చెప్పిన సారం మారలేదు. పదహారేళ్ళకే ఇల్లు వదిలి 68 మ్యాచుల సీజన్ ఆడే పిల్లాడు ఏం చదువుతాడు? డిసెంబరు పుట్టుక సంగతి మీరు ఖండించలేదు కూడా.

గోలీ నాన్న:
అదీ ఖండిస్తా. పిల్లల లీగులో నష్టమే, ఒప్పుకుంటా. కానీ పెద్దల ప్రొఫెషనల్ లీగు ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి లెక్క వేరు. సెప్టెంబరు 15 నాటికి పద్దెనిమిది నిండాలి. ఆ తర్వాత పుట్టినవాళ్ళు ఒక ఏడాది ఆగాలి, అంటే అదనంగా ఒక సీజన్ ఎదిగాక స్కౌట్లకి కనిపిస్తారు. ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ఆస్టన్ మాథ్యూస్ పుట్టింది 1997 సెప్టెంబరు 17న. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్ తప్పిపోయింది, 2016లో మొదటి నంబరుగా వెళ్ళాడు.

చదువంటారా? సీహెచ్ఎల్‌లో ఆడిన ఒక్కో సీజన్‌కి ఒక్కో ఏడాది ట్యూషన్, పుస్తకాల ఖర్చు లీగే ఇస్తుంది. మన దగ్గర ఇంజనీరింగ్ సీటుకి ఎంత పోశామో గుర్తుందా?

మిల్టన్ అక్క:
మీ ఇద్దరూ ఆ పిల్లాణ్ణి అప్పుడే ఎన్‌హెచ్‌ఎల్‌కి పంపేశారు. వాడికింకా ఆగడం రాదని ఇప్పుడే అన్నారు.

సర్రే నుంచి:
బీసీ (బ్రిటిష్ కొలంబియా) నుంచి ఒక మాట. ఇక్కడ మన పొరుగు పంజాబీ వాళ్ళు ఈ దారి మనకంటే ముందే తొక్కారు. రాబిన్ బావా 1989లోనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. మానీ మల్హోత్రా మీ ఓంటారియోలోనే, మిస్సిసాగాలో పుట్టి, ఓహెచ్ఎల్ టీము గ్వెల్ఫ్ స్టార్మ్‌కి ఆడి, 1998లో ఏడో నంబరుగా డ్రాఫ్ట్ అయ్యాడు.

కానీ మా సర్రే కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్ కథ మీకు ఎక్కువ పనికొస్తుంది. 2001 జనవరి పుట్టుక, అంటే పెద్దాయన లెక్కలో అదృష్టవంతుడు. అయినా ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఏ టీమూ అతని పేరు పిలవలేదు. రెడ్ డీర్ రెబెల్స్ అనే జూనియర్ టీములో ఆడుతూనే పోయాడు. 2021-22లో 112 పాయింట్లతో డబ్ల్యూహెచ్ఎల్ (పడమటి వైపు జూనియర్ లీగు) మొత్తానికి మొదటి స్థానం. అప్పటికి అతనికి ఇరవై దాటాయి, జూనియర్‌లో అదే చివరి ఏడు. ఆ మార్చిలోనే ఎన్‌హెచ్‌ఎల్ టీము వాంకూవర్ కనక్స్ కాంట్రాక్ట్ ఇచ్చింది. 2024 ఫిబ్రవరిలో మొదటి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్. 2025లో కనక్స్ కింది టీము ఆబట్స్‌ఫర్డ్‌తో కాల్డర్ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ కింది లీగు ట్రోఫీ) కూడా గెలిచాడు, దానికి కోచ్ ఆ మల్హోత్రాయే. మా వీధిలో పిల్లలు ఆ కప్ గెలిచిన రాత్రి హారన్లు కొట్టి కొట్టి నిద్రపోనివ్వలేదు.

పదిహేనేళ్ళకే అంతా తేలిపోతుందని చెప్పేవాళ్ళ దగ్గర అమ్మడానికి ఏదో ఒక క్యాంపు ఉంటుంది.

ఓక్‌విల్ పెద్దాయన:
నేను ఏ క్యాంపూ అమ్మటం లేదు. ఒక్క బెయిన్స్‌ని చూపించి అందరికీ దారి ఉందంటే ఎలా? ఎన్‌హెచ్‌ఎల్ స్టార్లు టవారెస్ 2005లో, మెక్‌డేవిడ్ 2012లో ప్రత్యేక అనుమతి మీద పదిహేనేళ్ళకే ఓహెచ్ఎల్‌లోకి వచ్చారు. అసలైన ప్రాస్పెక్ట్ అంటే అదీ.

సర్రే నుంచి:
ఆ మెక్‌డేవిడ్‌నే ఆరేళ్ళప్పుడు సొంత ఊరు న్యూమార్కెట్ వాళ్ళు పెద్ద పిల్లలతో ఆడనివ్వకపోతే పక్క ఊరు ఆరోరాలో హౌస్ లీగ్ ఆడాడు సార్.

రెజీనా అమ్మ:
డ్రాఫ్ట్ గురించి అందరూ చెబుతున్నారు, తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఎంపికైన పిల్లాడు ఆ టీము ఊరికి వెళ్ళిపోవాలి. బిల్లెట్ అని ఒక కుటుంబం వాళ్ళింట్లో పెట్టుకుంటుంది. మా పక్కింట్లో ప్రతి ఏడూ ఒక కుర్రాడు ఉంటాడు. పొద్దున స్కూలు, మధ్యాహ్నం ప్రాక్టీసు, శుక్రవారం బస్సు. డబ్ల్యూహెచ్ఎల్ బస్సులు మానిటోబా నుంచి బీసీ దాకా తిరుగుతాయి. పోయిన చలికాలం పక్కింటి కుర్రాడికి పులిహోర పెడితే డబ్బా మొత్తం ఖాళీ చేసి, ఈ పసుపు అన్నం మళ్ళీ ఎప్పుడు అని అడిగాడు. వాళ్ళమ్మ ఫోన్లో ఏడుస్తోందని ఆ ఇంటావిడ చెప్పింది.

2018 ఏప్రిల్‌లో మా రాష్ట్రంలోని జూనియర్ టీము హంబోల్ట్ బ్రాంకోస్ బస్సు ప్రమాదంలో 16 మంది పోయారు. అప్పుడు మా వీధిలో ప్రతి ఇంటి గుమ్మం బయటా ఒక హాకీ స్టిక్ నిలబెట్టి లైటు వేసి ఉంచారు. మేం అప్పటికి హాకీ చూసేవాళ్ళం కూడా కాదు. మా ఆయన వెళ్ళి ఒక స్టిక్ కొనుక్కొచ్చాడు. భయపెట్టాలని చెప్పడం లేదు. ఇంటి నుంచి పంపేటప్పుడు ఇవన్నీ తల్లిదండ్రులు మాట్లాడుకోవాలి.

బ్రాంప్టన్ కొత్త:
అందరికీ థాంక్స్. క్యాంపు వాళ్ళకి వద్దని రాసేశాను. గంటలోనే సగం ఫీజుకి సీటు ఇస్తామని జవాబు వచ్చింది! మా వాడు స్టిక్ కుడివైపు పట్టుకుంటాడు, క్రికెట్ అలవాటు. ఇక్కడ స్నేహితులు ఎక్కువమంది ఎడమవైపు. మార్పించాలా?

గోలీ నాన్న:
అస్సలు మార్పించకండి. కుడిచేతి బ్యాటింగ్‌లో ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. రైట్ షాట్ హాకీకి పట్టూ అదే. కుడివైపు ఆడే డిఫెన్స్‌మెన్ దొరక్క టీములు వెతుక్కుంటాయి. స్టిక్ పొడవు మాత్రం సరిచూడండి: బూట్లు లేకుండా ముక్కు దాకా, స్కేట్ల మీద గడ్డం దాకా.

ఓక్‌విల్ పెద్దాయన:
డిఫెన్స్ అయితే ఎత్తుండాలి. తండ్రి ఎత్తు ఎంత?

మిల్టన్ అక్క:
పెద్దాయనా, మీరింక టీ తాగండి. తమ్ముడూ, మా చిన్నాడికి పొట్టివైపోయిన షిన్ గార్డ్స్, హాకీ ప్యాంటు, ఎల్బో ప్యాడ్స్ గరాజ్‌లో ఉన్నాయి. ఎండబెట్టాను, అయినా కొంచెం వాసనుంటుంది. డబ్బులేమీ వద్దు. శనివారం సాయంత్రం రా, పిల్లాణ్ణి వెంట తీసుకురా, వేసి చూద్దాం. లైసెన్స్‌లో అడ్రస్ మార్పించావా లేదా?