వెన్ను ఆపరేషన్‌కి న్యూరోమానిటరింగ్ అంటన్నారు, నిజంగా అవసరమా?

నరసన్నపేట నుంచి అడుగుతున్నానండి. మా అన్నయ్య కూతురికి 14 ఏళ్లు, వెన్ను పక్కకి వంకర తిరిగిపోయింది, స్కోలియోసిస్ అన్నారు. వైజాగ్‌లో స్క్రూలు, రాడ్లు వేసి సరిచేస్తామన్నారు, ఎస్టిమేట్ కాగితంలో న్యూరోమానిటరింగ్ అని విడిగా డబ్బు రాశారు. కాళ్లు పడిపోతాయేమోనని మా వదిన ఒకటే ఏడుపు. ఏటది, బిల్లు పెంచడానికా?

ఓటీ టెక్నీషియన్, విజయనగరం:
కాదన్నా, అవసరమే. మామూలు డిస్క్ ఆపరేషన్లన్నిటికీ పెట్టరు గానీ వంకర సరిచేసేటప్పుడు ఈ ఖర్చు మాత్రం తగ్గించుకోకండి. రాడ్ బిగించి లాగినప్పుడు వెన్నుపాము సాగొచ్చు, దానికి రక్తం తగ్గొచ్చు, పాప మత్తులో ఉంటాది కాబట్టి కాలు మొద్దుబారిందని చెప్పలేదు కదా. అందుకని చీలమండ దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి అది మెదడు దాకా చేరుతోందా లేదా తలమీద ఎలక్ట్రోడ్లతో చూస్తారు, అది ఎస్‌ఎస్‌ఈపీ. ఎంఈపీ దానికి ఉల్టా, తలమీద ఇస్తే కాలి కండరంలో సిగ్నల్ రావాలి. రెండూ ఉన్నాయా అని అడగండి, ఎస్‌ఎస్‌ఈపీ చూసే స్పర్శ దారి బాగానే ఉండి, ఎంఈపీ చూసే కదలిక దారి దెబ్బతినొచ్చు. స్క్రీన్ మీద ఎస్‌ఎస్‌ఈపీ సిగ్నల్ ఎత్తు సగానికి పడినా, 10 శాతం ఆలస్యంగా వచ్చినా సర్జన్‌కి వెంటనే చెప్తారు. వైర్లు ఊడాయేమో చూసుకుంటారు, బీపీ పెంచుతారు, లాగింది వదులు చేస్తారు, అనుమానమున్న స్క్రూ తీసేస్తారు. అదంతా టేబుల్ మీద ఉండగానే జరగాలి, పాప లేచాక తెలిస్తే చేయగలిగేది చాలా తక్కువ.

మత్తు విభాగంలో పనిచేస్తాను, శ్రీకాకుళం:
మత్తు కూడా దీనికి తగ్గట్టే ఇస్తాం. గ్యాస్ ఎక్కువైతే సిగ్నల్ పడిపోతాది, అందుకే ప్రొపోఫాల్ లాంటివి రక్తనాళంలోకి ఎక్కిస్తాం, కండరాలు సడలించే మందు గొంతులో శ్వాస ట్యూబ్ వేశాక వీలైనంత వరకు మళ్లీ ఇవ్వం. ఎంఈపీకి దవడ బిగుసుకుంటాది, నాలుక తెగకుండా పళ్ల మధ్య గాజుగుడ్డ చుట్టి పెడతాం. ఇవేవీ లేని రోజుల్లో ఆపరేషన్ మధ్యలో లేపి కాళ్లు కదపమనేవారు, ఫ్రాన్స్‌లో స్టాగ్నారా వాళ్లు 1973లో రాసిన పద్ధతి, సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే ఇప్పటికీ చేస్తారు.

బొబ్బిలి అమ్మ:
మా బాబుకి చేయించామండి. లేచాక జుట్టంతా జిగురు, కాళ్లమీద సూది గుర్తులు, నాలుక మీద చిన్న గాటు. మీ వదినగారికి ముందే చెప్పండి, చూసి బెంగపడిపోతారు. మిషన్ ఉంటే కాళ్లకి గ్యారంటీ అని కాదు గానీ, ఆపరేషన్ అయ్యేదాకా స్క్రీన్ ముందు ఎవరు కూర్చుంటారో పేరుతో సహా అడగండి.

నరసన్నపేట:
రేపు ఓపీకి వెళ్తన్నాం, ఇవన్నీ అడుగుతాం. పాపకి చిన్నప్పుడు జ్వరంలో ఒకసారి ఫిట్స్ వచ్చింది, అది కూడా చెప్పాలా?

మత్తు విభాగం:
తప్పకుండా చెప్పండి. తలమీద కరెంటు ఇచ్చే ముందు మాకు తెలియాల్సిందే అది.